ఆరవదియా? ఏడవదియా? — విశ్వవిద్యాలయమును ఎంచుకొను విధము

పరీక్షా ఫలితములు వెలువడు దినములలో పంచాయతీ కార్యాలయమునకు రెండు విధములైన పనులు వచ్చుచుండును. ఒకటి, కాగితములపై సంతకములు. ఇది మన సభ్యులకు అలవాటైన పనియే. రెండవది సలహా. "మా పిల్లను ఎక్కడ చేర్చమంటారు?" అని తల్లిదండ్రులు అడుగుదురు. ఊరిలో నలుగురితో పరిచయము గలవారు, పట్టణమునకు రాకపోకలు గలవారు పంచాయతీ సభ్యులే గనుక ఈ ప్రశ్న వారి యొద్దకే వచ్చును. సంతకమునకు ఒక నిమిషము చాలును. సలహాకు మాత్రము ఒక కుటుంబము యొక్క కొన్నియేండ్ల సంపాదన ముడిపడి యుండును. ఈ రెండవ పనిని గూర్చియే, అందును తరచుగా ఎదురగు ఒక చిక్కును గూర్చి మేమిక్కడ వ్రాయదలచితిమి. ప్రభుత్వ విశ్వవిద్యాలయములు రెండు ఉన్నవి. రెంటికిని పేరు కలదు. పట్టికలలో రెండును ప్రక్కప్రక్కనే నిలిచినవి. అట్టిచో దేనిని ఎంచుకొనవలెను?

2025 వేసవిలో ఎన్.టి.ఆర్. జిల్లాలో, తెలంగాణ పొలిమేరకు దగ్గరగా జగ్గయ్యపేట వైపున ఉన్న ఒక గ్రామమునకు మేము వెళ్ళియుంటిమి. పంచాయతీ సమావేశము ముగిసిన పిదప ఒక రైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ అమ్మాయి బి.ఎస్సీ. మంచి మార్కులతో పూర్తిచేసినది. రసాయన శాస్త్రములో ఎం.ఎస్సీ. చదువవలెనని ఆమె కోరిక. ఆమె కాగితముపై రెండు పేర్లు వ్రాసికొని వచ్చినది: విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయము, హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ విద్యాశాఖ ప్రకటించిన పట్టికలో, రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయముల వరుసలో ఉస్మానియా ఆరవది, ఆంధ్ర ఏడవది.

"సర్పంచి అమ్మగారూ, ఏడు కంటే ఆరు మెరుగంట గదా! ఆ ఒక్క మెట్టుకి ఎంతైనా పెడతాను. అవసరమైతే అరెకరం తీసేస్తాను" అని ఆ రైతు అనెను. అతనికి స్వంతముగా ఉన్నది ఒక్క ఎకరము. మిగిలినది కౌలు సేద్యము, మిరప, ప్రత్తి.

సర్పంచి గారు మా వైపు చూచిరి. ఆ క్షణమున మాకును వెంటనే సమాధానము తోచలేదని ఒప్పుకొనవలెను. ఆ సాయంకాలము మేము చెప్పిన మాటలు కొన్ని, తరువాత ఆ గ్రామము వారు స్వయముగా విచారించి తెలిసికొన్న సంగతులు కొన్ని ఇచ్చట పొందుపరచుచున్నాము.

ఆ అంకె ఎట్లు పుట్టినది?

ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అని పిలువబడు ఈ జాతీయ ర్యాంకుల విధానమును కేంద్ర ప్రభుత్వము 2015లో ఏర్పరచెను. మొదటి పట్టికలు 2016లో వెలువడినవి. విశ్వవిద్యాలయములకు నూరు మార్కులను అయిదు భాగములుగా పంచి లెక్కింతురు. బోధన, అందుకు తగిన వనరులు, అధ్యాపకుల సంఖ్య మున్నగువానికి 30, పరిశోధనకు 30, విద్యార్థులు ఉత్తీర్ణులై పై మెట్టునకు చేరుటకు 20, స్త్రీలకు, పేదలకు, పరరాష్ట్రముల వారికి, వికలాంగులకు గల అవకాశములకు 10, విద్వాంసులలోను ఉద్యోగములిచ్చువారిలోను గల పేరునకు 10. ఈ లెక్కకు కావలసిన వివరములలో పెద్దభాగమును విద్యాసంస్థలే పంపుకొనును.

ఈ అయిదు భాగములను ఆ రైతునకు చదివి వినిపించినపుడు అతడు వెంటనే ఒక ప్రశ్న వేసెను. "మరి హాస్టల్లో గది దొరుకుద్దా, నెలకి తిండికెంత పడుద్ది, దీంట్లో ఎక్కడుందండీ?" అని. ఎక్కడను లేదు. అతని కుమార్తె చదువదలచిన రసాయన శాస్త్ర శాఖకు ప్రత్యేకముగా ఎన్ని మార్కులో కూడ అందులో లేదు. విశ్వవిద్యాలయములోని శాఖలన్నిటిని, న్యాయశాస్త్రము మొదలు జీవశాస్త్రము వరకు, ఒక్క కుప్పగా పోసి తూచిన తూకమది. ఒక మండలములోని పొలములన్నిటికిని సగటు దిగుబడి కట్టినచో మండలము యొక్క స్థితి తెలియును. మీరు కౌలుకు తీసికొనబోవు చెలకలో బావికి నీరున్నదో లేదో ఆ సగటు చెప్పదు.

ఇంకొక వింత చూడుడు. అదే 2024లో, అదే ప్రభుత్వము, దేశములోని అన్ని తరగతుల విశ్వవిద్యాలయములను కలిపి వేరొక పట్టిక కూడ ప్రకటించినది. అందులో ఆంధ్ర విశ్వవిద్యాలయము 25వది, ఉస్మానియా 43వది. అనగా ఒక పట్టికలో ఉస్మానియా ఒక మెట్టు పైన, రెండవ పట్టికలో పదునెనిమిది మెట్లు క్రింద! రెండు విశ్వవిద్యాలయములును ఆ నెలలో ఉన్నచోటనే ఉన్నవి. కొలమానము మారినది, వరుస మారినది, అంతియే. పట్టిక అబద్ధమని మేము చెప్పుట లేదు. ప్రక్కప్రక్కన ఉన్నవారిలో ఎవరు ముందో తేల్చుటకు అది పనికిరాదని మాత్రమే చెప్పుచున్నాము.

అయితే ర్యాంకు బొత్తిగా నిరుపయోగమా? కాదు. అది గడప వంటిది. గడప దాటినదా లేదా అని చూచుకొనుటకు ఉపకరించును. ఉదాహరణకు 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద, తగిన ర్యాంకు గల సంస్థలలో సీటు వచ్చినవారికి హామీ లేకయే బ్యాంకులు విద్యార్థి ఋణము ఇచ్చును. పట్టికలలో మొదటి నూరు స్థానములలోని సంస్థలు, 101 నుండి 200 వరకు గల రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు ఈ జాబితాలోనికి వచ్చును. కుటుంబ వార్షికాదాయము 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ విద్యార్థి వేతనము గాని వడ్డీ రాయితీ గాని పొందనివారు 10 లక్షల వరకు గల ఋణముపై 3 శాతము వడ్డీ రాయితీకి అర్హులు. ఈ రాయితీ ఏటా లక్షమందికి మాత్రమే. ప్రభుత్వ సంస్థలలో చదువువారికి, సాంకేతిక, వృత్తి విద్యల వారికి మొగ్గు చూపుదురు. మన రెండు విశ్వవిద్యాలయములును గడపకు లోపలనే ఉన్నవి. కావున ఈ విషయమున ఆరు, ఏడు, ఇరువదియైదు, నలుబదిమూడు అన్నియు ఒక్కటే. "అరెకరం అమ్మకముందు బ్యాంకుకు పోయి రా" అని వార్డు సభ్యుడొకరు ఆ రైతుతో అనిరి. మాకది ఆనాటి సమావేశములోని మిక్కిలి విలువైన మాటగా తోచినది.

పాత పేరు, నేటి శాఖ

రెండు విశ్వవిద్యాలయముల చరిత్రయు గొప్పదే. ఉస్మానియా 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున స్థాపింపబడెను. ఇంగ్లీషు గాక ఉర్దూలో పై చదువులన్నియు చెప్పిన విశ్వవిద్యాలయముగా ఆనాడు దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడలో ప్రారంభమై 1930లో విశాఖపట్టణమునకు చేరెను. కట్టమంచి రామలింగారెడ్డి దాని మొదటి ఉపాధ్యక్షులు. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ పదవిలో ఉండిరి. జయపురము మహారాజు విక్రమదేవవర్మ ఇచ్చిన భూరి విరాళములతో అచ్చట విజ్ఞానశాస్త్ర శాఖలు వర్ధిల్లినవి. పెద్దలు ఈ పేర్లను తలచుకొని సలహా చెప్పుట మనకు తెలిసినదే. ఆ పేర్లు తలచుకొనదగినవే.

కాని చరిత్రను చూచునప్పుడు ఒక సంగతి మరువరాదు. రసాయన శాస్త్రమునే తీసికొందము. ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఈ శాఖకు దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చినవారిలో టి.ఆర్. శేషాద్రి ముఖ్యులు. 1934లో వాల్తేరు వచ్చి, పదునైదేండ్లు అచ్చట పనిచేసి, 1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెళ్ళిరి. ఆయనతో పాటు పరిశోధన యొక్క ఒక కేంద్రము కూడ కదలినది. అట్లే భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివి, అచ్చటనే బోధించి, పిదప తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు వెళ్ళి, 1962లో ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్ర శాఖను నెలకొల్పిరి. రైతులు వాడు వ్యవసాయ పదములను ఊరూర సేకరింపజేసి ఆయన కూర్చిన మాండలిక వృత్తి పదకోశము ఆ 1962లోనే వెలువడినది. నాగలి భాగములకు, మడి గట్లకు మన తాతలు వాడిన మాటలందులో ఉన్నవి. సభ్యులకు గ్రంథాలయములో లభించినచో ఒకసారి తిరుగవేయుడు. తమ ఊరి మాట కనబడినపుడు కలుగు సంతోషము వేరు.

శాఖకు బలము గోడలలో లేదు, బోర్డులో లేదు. అచ్చట ఈనాడు పాఠము చెప్పుచున్నవారిలో ఉన్నది. వారు వత్తురు, పోవుదురు, పదవీ విరమణ చేయుదురు. తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములలో అధ్యాపక స్థానములు ఏండ్ల తరబడి ఖాళీగా ఉండుట అందరెరిగిన సమస్య. అందుచేత "ఏ విశ్వవిద్యాలయము గొప్పది?" అను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, "ఈ యేడు ఈ శాఖలో స్థిర ఉద్యోగులైన ఆచార్యులెందరు, ఒప్పందముపై పనిచేయువారెందరు, ప్రయోగశాలకు వారమునకు ఎన్ని గంటలు?" అని అడుగవలెను. ఇది అడుగరాని ప్రశ్న కాదు. పశువును కొనువాడు పండ్లు లెక్కించును. మనము రెండేండ్ల కాలమును, కష్టార్జితమును పెట్టుచున్నాము.

శాఖ చుట్టునున్న ఊరిని కూడ చూడవలెను. ఉస్మానియాకు సమీపమున తార్నాక, హబ్సిగూడ ప్రాంతములలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, భూభౌతిక పరిశోధన సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నవి. హైదరాబాదు పరిసరములలో మందుల కర్మాగారములు అనేకము. విశాఖపట్టణమునకు ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారము, ఉక్కు కర్మాగారము, పరవాడ వద్ద మందుల పరిశ్రమలు కలవు. రసాయన శాస్త్రము చదివినవారికి రెండు చోట్లను పని దొరకు మార్గములున్నవి. అదే అమ్మాయి ఖగోళశాస్త్రము కోరియుండినచో మాట వేరు. ఆ శాస్త్రమునకు నిజామియా వేధశాల, జపాల్-రంగాపూరు వేధశాలల చరిత్ర గల ఉస్మానియాను చూడక తప్పదు. సముద్రశాస్త్రమైనచో విశాఖను చూడవలెను. కావున ఒక ఊరి నుండి ఇద్దరు వెళ్ళి ఇద్దరును వేర్వేరు చోట్ల చేరినను అందులో ఒకరు పొరబడినట్లు కాదు.

ఒక హెచ్చరిక ఇచ్చటనే చెప్పవలెను. పట్టికలోని ర్యాంకు విశ్వవిద్యాలయమునకే గాని, దాని అనుబంధ కళాశాలలకు కాదు. పట్టణములలో "ఫలానా విశ్వవిద్యాలయమునకు అనుబంధము" అని పెద్ద అక్షరములతో వ్రాసికొన్న కళాశాలలుండును. పట్టా మీద విశ్వవిద్యాలయము పేరుండును, నిజమే. కాని పాఠము చెప్పువారు వేరు, ప్రయోగశాల వేరు, రుసుము వేరు. సీట్ల కేటాయింపు వేళ కంప్యూటరులో ఇష్టములు నమోదు చేయునపుడు ఈ రెంటిని కలగాపులగము చేసి, ప్రాంగణ కళాశాల అనుకొని మరియొకదానిని ముందు వ్రాసినవారిని మేమెరుగుదుము. పేరును గాక కళాశాల సంకేతమును చూచి నింపవలెను. దూరవిద్యా కేంద్రముల విషయమున కూడ ఇంతే జాగ్రత్త. విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆ కోర్సును ఆ యేడు గుర్తించినదో లేదో మొదట తెలిసికొనవలెను.

స్థానికులెవరు?

ఇప్పుడు ఆ రైతు అసలు తలచని సంగతికి వత్తము. వారి ఊరి నుండి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. విశాఖపట్టణము విజయవాడ మీదుగా సుమారు 425. దూరము చూచినచో ఉస్మానియా సగము దారిలోనే ఉన్నది. కాని నడుమ ఒక రాష్ట్రపు పొలిమేర ఉన్నది.

ఉమ్మడి రాష్ట్రములో ఈ చిక్కునకు ఒక ఏర్పాటు ఉండెడిది. రాజ్యాంగమునకు 32వ సవరణ ద్వారా చేర్చిన 371-డి అధికరణమును అనుసరించి 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడినది. దాని ప్రకారము రాష్ట్రము ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయముల పేర మూడు స్థానిక ప్రాంతములుగా విభజింపబడెను. సీట్లలో 85 శాతము స్థానికులకు, మిగిలిన 15 శాతము ప్రాంతభేదము లేకుండ అందరికిని. 2014లో రాష్ట్ర విభజన జరిగినపుడు, ఉన్న ప్రవేశ విధానమును పదేండ్లకు మించకుండ కొనసాగింపవచ్చునని చట్టములోని 95వ విభాగము చెప్పినది. ఆ పదేండ్ల గడువు 2024 జూను 2తో ముగిసినది.

దీని అర్థమేమి? పదేండ్ల క్రితము హైదరాబాదులో చదివి వచ్చిన అన్నలు చెప్పు అనుభవము ఈనాటి పిల్లలకు అట్లే వర్తింపదు. నాడు పొలిమేరకు ఇవతలి విద్యార్థికి అవతల 15 శాతములో పోటీపడు హక్కుండెను. నేడు ఏ రాష్ట్రము నియమములు దానివే. పరరాష్ట్రపు విద్యార్థికి ఎన్ని సీట్లు, ఏ రుసుము, వసతిగృహములో చోటు కలదా లేదా అను సంగతులు ఆ సంవత్సరపు ప్రవేశ ప్రకటనలోనే చూడవలెను. ప్రవేశ పరీక్షలును వేరు. ఆంధ్రప్రదేశ్‌లో పి.జి.సెట్, తెలంగాణలో సి.పి.జి.ఇ.టి. ఒకదానిలో వచ్చిన ర్యాంకు రెండవదానికి చెల్లదు. రెంటికిని విడివిడిగా దరఖాస్తు చేసి, విడివిడిగా వ్రాయవలెను.

సరిహద్దు గ్రామముల సభ్యులకు మరొక మాట. స్థానికత అనగా పుట్టిన ఊరు మాత్రమే అని చాలమంది తలచెదరు. 1974 ఉత్తర్వులోని మూలసూత్రము, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఎక్కడ చదివినారన్నదియే. చదువు లేని సంవత్సరములకు నివాసము. జగ్గయ్యపేట ప్రక్కవారికి కోదాడ కళాశాల దగ్గర, కోదాడ ప్రక్కవారికి ఇవతలి కళాశాల దగ్గర అని పిల్లలు ఇటునటు చేరుట కలదు. బస్సు ఛార్జీ కలిసివచ్చును గాని, రేపు స్థానికత తేల్చునపుడు చిక్కు రావచ్చును. ఇంటర్మీడియట్‌లో చేర్చునాడే ఈ సంగతి తల్లిదండ్రుల చెవిని వేయుట మేలు. ఏడవ తరగతి నుండి ప్రతి సంవత్సరపు అధ్యయన ధ్రువపత్రమును ఒక్కచోట భద్రపరచుకొనవలెనని కూడ చెప్పవలెను. పది సంవత్సరముల తరువాత మూతబడిన పాఠశాల రికార్డుల కొరకు తిరుగుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

ఖర్చు లెక్క

ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో కుటుంబమును క్రుంగదీయునది చదువు రుసుముకంటె నెలనెలా పడు ఖర్చు. విశ్వవిద్యాలయ వసతిగృహములలో భోజనమునకు "డివైడింగు" పద్ధతి వాడుకలో కలదు. ఆ నెల అయిన మొత్తమును విద్యార్థులందరి మీదను పంచుదురు. అందుచేత కాయగూరల ధరతో పాటు అదియు ఎక్కుచు తగ్గుచుండును. వసతిగృహములో గది దొరకనిచో బయట గది తీసికొనవలెను. హైదరాబాదైనను విశాఖయైనను అది పెద్ద బరువు. నెలకు వేయి రూపాయలు తేడా వచ్చినను రెండు సంవత్సరములకు ఇరువదినాలుగు వేలగును. ఇంటికి వచ్చిపోవు ఛార్జీలు, మొదట కట్టవలసిన డిపాజిట్టు, పుస్తకములు, ప్రయోగశాల రుసుము అన్నియు ఒక కాగితముపై రెండు నిలువు వరుసలుగా వ్రాసి కూడినపుడు గాని నిజమైన తేడా తెలియదు. సర్పంచి గారు ఆ పని అప్పుడే, ఆ బల్ల మీదనే, పంచాయతీ కార్యదర్శి చేత చేయించిరి.

విద్యార్థి వేతనముల విషయమున కూడ రాష్ట్రపు పొలిమేర అడ్డు వచ్చును. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు కేంద్ర సహాయముతో ఇచ్చు ఉన్నత విద్యా వేతనము, కుటుంబ వార్షికాదాయము రెండున్నర లక్షలకు మించనివారికి, దేశములో ఎక్కడ చదివినను వర్తించును. స్వరాష్ట్రము వారే చెల్లింపవలెను. కాని రాష్ట్ర ప్రభుత్వములు తమ సొంత నిధులతో ఇచ్చు రుసుము రాయితీలు పరరాష్ట్రములో చేరినవారికి వచ్చునని తలంచి బయలుదేరరాదు. జిల్లా సంక్షేమ శాఖాధికారి కార్యాలయములో ముందుగా అడిగి, సమాధానమును వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. నోటిమాటగా "వస్తుందిలెండి" అని చెప్పినవారు తరువాత బదిలీయై పోవుదురు. తహసీల్దారు ఇచ్చు కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రములను ప్రవేశముల రద్దీకి ముందే తెప్పించి ఉంచుట పంచాయతీ చేయగల సహాయము. మాట సాయము అనిపించును గాని, పత్రము ఒకటి ఆలస్యమై సీటు జారిపోయినవారు మన మండలములలోనే ఉన్నారు.

చూచి వచ్చుట

ఆ గ్రామము వారు చేసిన పనులలో మాకు మిక్కిలి నచ్చినది వేరొకటి. తండ్రియు, కుమార్తెయు, వారితో ఒక మహిళా వార్డు సభ్యురాలును రెండు చోట్లకు పోయి చూచి వచ్చిరి. విశాఖకు రాత్రి రైలులో, హైదరాబాదుకు పగటి బస్సులో. అధికారులను కలియుటకంటె ముందు వారు వసతిగృహపు గేటు వద్ద నిలిచి, రెండవ సంవత్సరము చదువుచున్న ఆడపిల్లలతో మాటాడిరి. "అమ్మా, ల్యాబు రోజూ జరుగుద్దా? రాత్రి లైబ్రరీ నుంచి హాస్టలుకి రావడానికి భయం లేదా? పోయినేడు మీ అక్కలు ఎంతమందికి ఉద్యోగాలొచ్చినై? నెట్ ఎంతమంది పాసయ్యారు?" అని ఆ సభ్యురాలు అడిగిరట. ఆ అమ్మాయిలు దాపరికము లేకుండ చెప్పిరి. ఒకచోట ఒక పరికరము చెడిపోయి చాలకాలమైనదని, మరియొకచోట ఒక ముఖ్య విషయమునకు అతిథి అధ్యాపకులే దిక్కని తెలిసినది. ఏది ఎక్కడ అని ఇచ్చట వ్రాయము. అది ఆ యేటి సంగతి. ఈ పాటికి మారియుండవచ్చును. చదువరులు తమ పిల్లల కొరకు మరల అడిగి తెలిసికొనవలసినదియే.

ఆమె తెచ్చిన మరియొక వార్త మాకు క్రొత్త. ఆ రెండు చోట్లను వారి మండలపు పిల్లలు అప్పటికే కొందరున్నారట. వారి తల్లిదండ్రులకు ఒకరితో ఒకరికి పరిచయము లేదు. ఊళ్ళు మాత్రము అయిదారు కిలోమీటర్ల దూరములోనే ఉన్నవి. తిరిగివచ్చిన పిదప ఆమె చుట్టుప్రక్కల పంచాయతీల వారికి ఫోను చేసి, ఏ ఊరి పిల్లలు ఏ విశ్వవిద్యాలయములో ఏమి చదువుచున్నారో ఒక పుస్తకములో వ్రాసిరి. నలుబది పేజీల సామాన్యమైన నోటుపుస్తకము. తండ్రి ఫోను నంబరు, శాఖ, చేరిన సంవత్సరము. అంతకు మించి అందులో ఏమియు లేదు. ఆ మండలములో ఉన్నత విద్యను గూర్చి అంతకంటె పనికివచ్చు గ్రంథము లేదని మా అభిప్రాయము.

అమ్మాయి రెండు పరీక్షలును వ్రాసినది. ఇంతలో 2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వపు క్రొత్త పట్టిక వెలువడినది. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ఈమారు ఆంధ్ర విశ్వవిద్యాలయము నాలుగవది, ఉస్మానియా ఏడవది. అరెకరము అమ్మి ఆరవదానికి పంపదలచిన తండ్రి ఆ వార్తను విని, "అయితే ఆ అరెకరం ఏమయ్యేదండీ?" అని నవ్వెనట.

ఆమె విశాఖలో చేరినది. పట్టిక మారినందువలన కాదు. స్థానికురాలిగా సీటు వచ్చినది, వసతిగృహములో గది దొరకినది, గాజువాకలో పిన్ని ఇల్లు ఉన్నది. రెండు నిలువు వరుసల కాగితములో ఆ వైపు మొత్తము తక్కువగా తేలినది. భూమి అమ్మలేదు. అదే వీధిలోని ఒక కుర్రవాడు భాషాశాస్త్రము చదువదలచి, లెక్క వేసికొని, ఖర్చు ఎక్కువైనను ఉస్మానియాకే దరఖాస్తు చేసినాడు. అతని పేరును అదే నోటుపుస్తకములో తరువాతి పేజీలో ఉన్నది. మేము ఈమధ్య మరల ఆ ఊరికి వెళ్ళినపుడు ఆ పుస్తకమును చూచితిమి. అమ్మాయి పేరు ప్రక్కన క్రొత్తగా ఒక గడి గీసి, ఏ నెలకు భోజనపు ఖర్చు ఎంత పడినదో వార్డు సభ్యురాలు వ్రాయుచున్నారు. వచ్చే యేడు అడుగువారికి చెప్పుటకట.